చిన్న నగరంలో నాటకశాల నడపాలంటే: తేదీల పుస్తకం నుంచి తలుపుల దాకా

లాభాపేక్ష లేని నాటకశాల బాధ్యత మీ చేతికి వచ్చిందా? అయితే ముందుగా ఒక లెక్క మనసులో పెట్టుకోండి. మహానగరంలో ఒక నాటకాన్ని నెలల తరబడి ఆడించవచ్చు. ఈరోజు చూసినవాళ్లు రేపు రాకపోయినా కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. చిన్న నగరంలో ఆ వీలు లేదు. రెండు మూడు ఆటలు పడేసరికి ఆ నాటకం చూడాలనుకున్నవాళ్లంతా చూసేసి ఉంటారు. కాబట్టి వచ్చినవాళ్లను మళ్లీ రప్పించడమే మన పని. ఈ నెల నాటకానికి వచ్చిన మనిషి వచ్చే నెల కచేరీకి, ఆ పై నెల నృత్యానికి రావాలి. నేను టికెట్ కిటికీ దగ్గర మొదలుపెట్టి, తర్వాత హాలు లోపలి ఏర్పాట్లు చూసి, ఇప్పుడు మొత్తం నిర్వహణ చూస్తున్నాను. ఎక్కడ పనిచేసినా నాకు తేలిన విషయం ఇదొక్కటే. ఇక్కడ చెప్పేవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

తేదీల పుస్తకం ఒక్కరి చేతిలోనే

నాటకశాలలో అన్నిటికన్నా విలువైన సరుకు శనివారం సాయంత్రం. శుక్ర, శని, ఆదివారాలు కలిపితే ఏడాదికి 156 సాయంత్రాలు. పండగలు, పరీక్షల కాలం, మరమ్మతుల రోజులు తీసేస్తే చేతికి మిగిలేవి అంతకంటే చాలా తక్కువ. వాటిని ఎవరికి, ఏ వరసలో ఇస్తున్నామన్న దాని మీదే ఆ ఏడాది నడక ఆధారపడుతుంది.

నా గదిలో గోడకు పెద్ద కాగితం క్యాలెండర్ ఉంటుంది. కంప్యూటర్‌లోనూ అదే ఉంటుంది, కానీ అందరూ నిలబడి మాట్లాడుకునేది గోడ దగ్గరే. అడిగిన తేదీ పెన్సిల్‌తో, సంతకమై అడ్వాన్స్ అందిన తేదీ పెన్నుతో రాస్తాం. పెన్సిల్ గీత మీద పోస్టర్ వేయకూడదు, ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఒకే తేదీని ఇద్దరు అడిగితే ముందు అడిగినవాళ్లకు మొదటి హక్కు, తర్వాతవాళ్లకు రెండో హక్కు. రెండోవాళ్లు డబ్బు కట్టి సంతకం చేయడానికి సిద్ధపడితే మొదటివాళ్లకు కబురు చేసి రెండు రోజుల గడువు ఇవ్వాలి. ఆలోపు వాళ్లు ఖాయం చేయకపోతే తేదీ చేతులు మారుతుంది. ఊరూరా తిరిగి ప్రదర్శించే కళాకారులతో పనిచేసే చాలా హాళ్లలో ఏదో ఒక రూపంలో ఈ పద్ధతే ఉంది. చిన్న ఊళ్లో అందరూ పరిచయస్తులే కాబట్టి దీన్ని ముందే కాగితం మీద పెట్టి అందరికీ ఇవ్వండి. లేకపోతే ప్రతి తేదీ ఒక తగాదా అవుతుంది. పెన్సిల్ మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి.

ఒక ప్రదర్శన అంటే ఒక సాయంత్రం అనుకోకండి. సామాను దించడం, సెట్టు నిలబెట్టడం, లైట్లు కట్టి ఒక్కొక్కటీ గురిచూసి బిగించడం, లైటూ శబ్దమూ కలిపి ఒక రిహార్సల్, దుస్తులతో సహా ఇంకో రిహార్సల్, ఆ తర్వాతే ఆట. ఆఖరి ఆట కాగానే అదే రాత్రి సెట్టు విప్పాలి. సొంత నాటకం మూడు ఆటలు ఆడితే స్టేజీ దాదాపు వారం రోజులు బందీ అవుతుంది. అదే గాయకుడైతే పొద్దున వచ్చి రాత్రికి వెళ్లిపోతాడు. సెట్టు నిలబెట్టి ఉన్న వారంలో కూడా తెర ముందు ఒక కచేరీ పెట్టవచ్చు, కాకపోతే ముందు భాగంలో ఎన్ని అడుగులు మిగులుతాయో సెట్టు గీసేవాళ్లను ముందే అడగాలి.

క్యాలెండర్‌లో నేను అన్నిటికన్నా ముందు పెన్నుతో రాసేది డాన్సు స్కూళ్ల వార్షికోత్సవాలు. కళ మీద గొప్ప అభిప్రాయాలున్న కమిటీ సభ్యులకు ఇది నచ్చదు. నేను మాత్రం గట్టిగా నిలబడతాను. ఆ రోజు ప్రతి పిల్ల వెనక అమ్మమ్మ, తాతయ్య, బాబాయి, పక్కింటివాళ్లు వస్తారు. వాళ్లలో చాలామంది మన గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. పోస్టర్లు ఎన్ని అంటించినా రాని జనం తమంతట తామే వచ్చి మన కుర్చీల్లో కూర్చుంటారు. ఆ రోజు టికెట్ కిటికీ మూసి ఉంచకండి. విరామంలోనూ ఆట అయ్యాకా తెరిచి ఉంచండి. వచ్చే నెల పిల్లలకు నచ్చే ప్రదర్శన ఏదైనా ఉంటే దాని పోస్టరు వరసలో నిలబడే చోట, కంటికి ఎదురుగా పెట్టండి.

అందుకే అద్దె ఒప్పందంలో ఒక షరతు ఎప్పటికీ వదలకూడదు: హాల్లో ఏ కార్యక్రమం జరిగినా టికెట్లు మన కిటికీ ద్వారానే అమ్మాలి, ఉచిత కార్యక్రమమైనా సీటు నంబరున్న పాసు మనమే ఇవ్వాలి. దీనివల్ల రెండు లాభాలు. లోపల ఎంతమంది ఉన్నారో కచ్చితంగా తెలుస్తుంది. కబుర్లు పంపమని ఒప్పుకున్నవాళ్ల చిరునామాలూ మన దగ్గర ఉంటాయి. ఒప్పుకోనివాళ్లకు పంపకండి, ఆ జాబితాను బయటివాళ్లెవరికీ ఇవ్వకండి.

అద్దె పట్టిక రెండు రకాలుగా ఉంటే చాలు: బడులకూ సేవాసంస్థలకూ ఒకటి, వ్యాపార కార్యక్రమాలకు ఒకటి. తెలిసినవాళ్లకు నోటిమాటగా తగ్గింపు ఇవ్వవద్దు, ఆ మాట తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. నిజంగా ఎవరికైనా సాయం చేయాలనుకుంటే బిల్లులో పూర్తి అద్దె రాసి, దాని కింద మన సాయం ఎంతో వేరే వరసలో చూపించండి. ఆ సంస్థకు తాను అందుకున్నదేమిటో తెలుస్తుంది. ఏడాది చివర ఊరికి మనం ఎంత ఇచ్చామో మన లెక్కల్లోనూ కనిపిస్తుంది.

అద్దెకు ఇచ్చినా స్టేజీ మీద మన టెక్నీషియన్ ఉండి తీరాలి. ముఖ్యంగా పైనుంచి తెరలూ సెట్టు ముక్కలూ వేలాడే కౌంటర్‌వెయిట్ బార్లు ఉన్న హాల్లో. అక్కడ నియమం చిన్నదే: ఎక్కించేటప్పుడు ముందు బారుకు బరువు కట్టి, తర్వాత ఎదురు తూకం (తాడు అవతలి కొసన పెట్టే ఇనుప దిమ్మలు) వేయాలి. దించేటప్పుడు ముందు ఎదురు తూకం తీసి, ఆ తర్వాతే బారు మీది సామాను విప్పాలి. ఇది తిరగబడితే బారు ఒక్కసారిగా పైకి దూసుకుపోతుంది, అవతల ఇనుప దిమ్మలు కిందికి వచ్చి పడతాయి. తాడును చేత్తో పట్టి ఆపుదామనుకుంటే చేతులు పోతాయి. సెట్టు విప్పే రాత్రి అందరికీ ఇంటికి పోవాలనే తొందర ఉంటుంది. ప్రమాదం జరిగేది సరిగ్గా అప్పుడే.

ఆట రోజు

మొదటిసారి వచ్చే మనిషిని ఒకసారి గమనించండి. టికెట్ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర ఆగుతారు. అందులో ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఏది వరసో ఏది సీటో అర్థం కాదు. అడగడానికి మొహమాటం. పక్కవాళ్లు చకచకా వెళ్లిపోతుంటే తాను ఏదో తప్పు చేస్తున్నట్టు చుట్టూ చూస్తారు. ఆ పది సెకన్లలో తలుపు దగ్గరున్న వాలంటీర్ ఏం చేస్తారన్నదే ఆ సాయంత్రానికి కీలకం. "అటు వెళ్లండి" అని చెయ్యి చూపిస్తే సరిపోదు. టికెట్ చూసి, "రండి" అని నాలుగడుగులు ముందు నడిచి, వరస చివర నిలబడి, "ఇక్కడి నుంచి ఏడోది మీ సీటు" అని చెప్పాలి. వాలంటీర్లకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. టార్చి నేలకేసి పట్టుకోవడం రెండోది.

లాబీ గంట ముందు, హాలు అరగంట ముందు తెరవండి. ఆలస్యంగా వచ్చేవాళ్లను ఎప్పుడు లోపలికి పంపాలో దర్శకుడిని ముందే అడిగి రాసుకోండి: "మొదటి పాట చప్పట్ల దగ్గర", "రెండో రంగం మొదట్లో చీకటి పడ్డప్పుడు" అన్నంత స్పష్టంగా. అప్పటిదాకా బయట నిలబడినవాళ్లకు ఎంతసేపు ఆగాలో చెబితే ఎవరూ గొడవపడరు. కారణం చెప్పకుండా తలుపు మూస్తేనే కోపం వస్తుంది.

నాలుగు లేదా ఆరు మంచి సీట్లు చివరి నిమిషం దాకా అమ్మకుండా అట్టిపెట్టండి. ఒకే సీటు ఇద్దరికి పడినా, కుర్చీ విరిగినా, మెట్లు ఎక్కలేని పెద్దాయన బాల్కనీ టికెట్‌తో వచ్చినా అవే ఆదుకుంటాయి.

జనం పలచగా ఉన్న రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న నగరంలో అలాంటి రోజులు తప్పవు. నాలుగు వందల సీట్ల హాల్లో నూట ఇరవై మంది చెల్లాచెదురుగా కూర్చుంటే హాస్యనాటకం కూడా నీరసంగా నడుస్తుంది. నవ్వు పక్కవాళ్ల నుంచి అంటుకుంటుంది. పక్కన మూడు ఖాళీ కుర్చీలుంటే అది అక్కడే ఆగిపోతుంది. నటులకు చీకట్లో మొహాలు కనిపించవు, వాళ్లకు అందేది శబ్దమే. అందుకని అమ్మకం మొదలైన రోజే బాల్కనీ మూసి ఉంచండి, కింద నిండాకే తెరవండి. ఆట రోజు సాయంత్రానికి లెక్క తేలిపోతుంది కాబట్టి వెనక వరసలకు తాడు కట్టేయండి. అక్కడ కొన్నవాళ్లను, "మీకు ముందు మంచి సీట్లు ఉన్నాయి, వస్తారా?" అని అడిగి తీసుకెళ్లండి. కోరి వెనక కూర్చునేవాళ్లు కొందరుంటారు, వాళ్లను బలవంతపెట్టకండి. నూట ఇరవై మంది కూడి కూర్చున్న హాలు వాళ్ల జ్ఞాపకంలో నిండిన హాలుగా మిగులుతుంది, "బాగా జనం ఉన్నారు" అని బయట చెబుతారు.

ఉచిత టికెట్ల విషయంలో నాది కొంచెం కఠినమైన పద్ధతి. సాయంత్రం ఆరున్నరకు గేటు దగ్గర పంచిపెట్టడం అసలు కూడదు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు చూస్తూ ఉంటారు, ఇంకోసారి వాళ్లూ ఆరున్నర దాకా ఆగుతారు. ఇవ్వాలనుకుంటే వారం ముందే, మొదటి ఆటకే, పేరు రాసి ఇవ్వండి: ఆసుపత్రి నర్సులకు, బడి టీచర్లకు, సంగీతం నేర్చుకునే పిల్లలకు. మొదటి ఆట చూసినవాళ్లు చెప్పే మాట వల్ల మిగతా ఆటల టికెట్లు అమ్ముడుపోతాయి. చివరి ఆటకు ఇచ్చిన ఉచిత టికెట్ వల్ల ఆ ప్రయోజనం ఉండదు.

విరామం ఎంతసేపు ఉండాలో ఆడవాళ్ల మరుగుదొడ్డి ముందున్న వరసే తేలుస్తుంది. నిండిన రోజున అక్కడ గడియారం పట్టుకుని నిలబడి, వరసలో ఆఖరి మనిషి బయటికి రావడానికి ఎంత పట్టిందో రాసుకోండి. పదిహేను నిమిషాలని కరపత్రంలో వేసి ఇరవై రెండు నిమిషాలు పడుతుంటే, కరపత్రమే మార్చాలి. పిల్లల కార్యక్రమాల రోజున మగవాళ్ల మరుగుదొడ్లలో ఒకదానికి బోర్డు మార్చి ఆడవాళ్లకు ఇస్తే ఎవరికీ నష్టం లేదు.

చక్రాల కుర్చీల చోట్లన్నీ ఆఖరి వరస వెనక పడేయకండి. మధ్యలోనూ పక్కల్లోనూ కొన్ని ఉండాలి, ప్రతిదాని పక్కన తోడు వచ్చినవాళ్లకు మామూలు కుర్చీ ఉండాలి. వినికిడి యంత్రం వాడేవాళ్ల కోసం నేలలో ఇండక్షన్ లూప్ తీగ వేయించవచ్చు. మైకు శబ్దం చుట్టుపక్కల గోల లేకుండా వాళ్ల యంత్రంలోకి నేరుగా వెళ్తుంది. అయితే యంత్రంలో టెలికాయిల్ (లూప్ సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉండాలి, దాన్ని ఆ స్థానానికి మార్చుకోవాలి. ఆ సంగతి టికెట్ అమ్మేటప్పుడే చెప్పకపోతే ఎంత మంచి లూప్ వేసినా వృథాయే. ఆటిజం ఉన్న పిల్లల కోసం ఏడాదికి ఒకటి రెండు ఆటలు సడలింపుతో వేయండి: హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పకుండా, హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దాలు తగ్గించి, మధ్యలో లేచి తిరిగినా బయటికి వెళ్లి వచ్చినా ఎవరూ ఏమీ అనకుండా. అలాంటి ఆటకు ఒక తల్లి వస్తే ఆ కుటుంబం మొత్తం కలిసి హాలుకు రావడం అదే మొదటిసారి కావచ్చు.

తలుపులు

ఈ ఒక్క విషయంలో ఎవరితోనూ రాజీ పడకండి. 1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరోక్వా థియేటర్‌లో మధ్యాహ్నం ఆట నడుస్తుండగా ఆర్క్ లైటు నిప్పురవ్వ తెరకు అంటుకుంది. ఆ హాలు తెరిచి నెల రోజులు దాటిందంతే. నిప్పంటుకోని కట్టడమని ప్రకటించుకున్న హాలు అది. మంటలు ఆపాల్సిన తెర దారిలో ఇరుక్కుంది. కొన్ని తలుపులకు తాళాలున్నాయి, కొన్ని పరదాల వెనక దాగి ఉన్నాయి, కొన్నింటి గడియలు ఎలా తీయాలో జనానికి తెలియలేదు. సుమారు 600 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది ఆడవాళ్లు, సెలవుల్లో ఉన్న పిల్లలు. ఆ ఆటకు వెళ్లాల్సి ఉండి వెళ్లలేకపోయిన కార్ల్ ప్రింజ్లర్ అనే ఇనుపసామాను వ్యాపారి హెన్రీ డ్యూపాంట్‌తో కలిసి, లోపలి నుంచి శరీరంతో తోస్తే చాలు తెరుచుకునే అడ్డపట్టీని తయారుచేయించాడు. 1908లో అది అమ్మకానికి వచ్చింది. ఈరోజు హాళ్ల తలుపుల మీద కనిపించే పానిక్ బార్ అదే.

కాబట్టి ప్రతి ఆటకు ముందు, జనాన్ని లోపలికి వదలకముందే, ఒక మనిషి ప్రతి అత్యవసర తలుపు దగ్గరికీ నడిచి వెళ్లి, దాన్ని తోసి, పూర్తిగా తెరిచి, బయట అడ్డంగా బండి గానీ సెట్టు ముక్క గానీ లేదని చూసి, కాగితం మీద సంతకం పెట్టాలి. చూసి వస్తే చాలదు, తోయాలి. టికెట్ లేనివాళ్లు దొంగతనంగా వస్తున్నారని తలుపుకు గొలుసు వేద్దామని ఎవరైనా అంటే, అక్కడ వాలంటీర్‌ను నిలబెట్టండి, గొలుసు మాత్రం వేయవద్దు. ఏదైనా జరిగితే ఏ తలుపు ఎవరిదో, బయట ఎక్కడ చేరాలో ప్రతి వాలంటీర్‌కూ ఆ రోజు నోటితో చెప్పాలి. నడవాల్లో అదనపు కుర్చీలు వేయమని ఎంత పెద్దవాళ్లు అడిగినా వేయకండి.

రాత్రి అందరూ వెళ్లాక స్టేజీ మధ్యలో స్టాండుకు ఒక బల్బు వెలిగించి ఉంచే ఆనవాయితీ చాలా దేశాల్లో ఉంది. దాన్ని ఘోస్ట్ లైట్ అంటారు. దయ్యాల కథల సంగతి ఎలా ఉన్నా, పొద్దున మొదట వచ్చిన మనిషి స్విచ్చి కోసం చీకట్లో నడుస్తూ స్టేజీ అంచు నుంచి కింద పడకుండా ఉండడానికి అది కావాలి.

డబ్బు

టికెట్ డబ్బుతోనే హాలు నడవాలని కమిటీలో ఎవరో ఒకరు ఎప్పుడూ అంటూనే ఉంటారు. వాళ్లకు చెప్పడానికి ఒక మంచి జవాబు ఉంది. విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లోనే దీన్ని వివరించారు. ఫ్యాక్టరీలో యంత్రాలు వచ్చేకొద్దీ అదే వస్తువును తక్కువ మంది తయారుచేస్తారు. నలుగురు వాయించాల్సిన సంగీతాన్ని మాత్రం రెండు వందల ఏళ్ల క్రితం ఎలా నలుగురు వాయించారో ఈరోజూ నలుగురే, అంతసేపే వాయించాలి. బయట జీతాలు పెరుగుతుంటే వాళ్ల జీతాలూ పెరగాలి, పని మాత్రం తొందరగా అవదు. అందుకే ఖర్చు ఎప్పుడూ రాబడి కంటే ముందు పరుగెడుతుంది. ఆ తేడాను టికెట్ ధరతో పూడిస్తే సగం ఊరు గుమ్మం బయటే ఉండిపోతుంది. విరాళాలు, అద్దెలు, గ్రాంట్లు ఉన్నది అందుకే.

ముందుగా అమ్మిన టికెట్ల డబ్బు, తెర లేచేదాకా మనది కాదు. దాన్ని వేరే ఖాతాలో ఉంచండి. వచ్చే సీజన్ డబ్బుతో ఈ సీజన్ బిల్లులు కట్టే అలవాటు ఉన్న హాలుకు, ఒక్క ప్రదర్శన రద్దయినా ఊపిరి ఆడదు. 2020 మార్చిలో కరోనా వల్ల న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకశాలలతో సహా ప్రపంచమంతటా హాళ్లు మూతపడ్డాయి. అడ్వాన్స్ డబ్బు ముట్టుకోనివాళ్లు జనానికి నిమ్మళంగా తిరిగి ఇచ్చేయగలిగారు. ఆ నమ్మకం తర్వాత టికెట్ కిటికీ దగ్గర కనిపిస్తుంది.

విరాళం ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. తెర కొనమని ఇచ్చిన డబ్బు జీతాలకు మళ్లించకూడదు, ఒక్క నెల సర్దుబాటుకైనా సరే. లెక్కల్లో రెండింటినీ వేరువేరు వరసల్లో పెట్టి, ప్రతి సమావేశంలో కమిటీకి చూపించండి. కమిటీ పని డబ్బు, భవనం, మేనేజర్ ఎంపిక. ఏ నాటకం వేయాలో ఓట్లు వేసి తేల్చకండి. ఆ బాధ్యత ఒక్కరికి అప్పగించి, ఏడాది తర్వాత ఫలితం అడగండి. ఒక నియమం మాత్రం కమిటీకి పెట్టండి: ప్రతి సభ్యుడూ సొంత డబ్బుతో టికెట్ కొని, ముందు వరస అతిథి కుర్చీలో కాకుండా హాలు మధ్యలో కూర్చుని చూడాలి.

మర్నాడు పొద్దున

ఆట అయిన రాత్రే అద్దెదారుతో లెక్క చూసి సంతకాలు తీసుకోండి, తెల్లారితే ఇద్దరి జ్ఞాపకాలూ మారిపోతాయి. హాలు బాధ్యత చూసినవాళ్లు ఇంటికి వెళ్లేముందు ఒక పేజీ రాయాలి: ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి మొదలైంది, విరామం ఎంతసేపు పట్టింది, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా, ఏ కుర్చీ విరిగింది. "ఒక కుర్చీ" అని రాస్తే మర్నాడు వడ్రంగి హాలంతా వెతకాలి. వరస, నంబరు రాయమనండి.

ఆ తర్వాత టికెట్ల జాబితా తెరిచి, పేరు మొదటిసారి కనిపించినవాళ్లను విడిగా తీయండి. వారంలోపు వాళ్లకు ఒక చిన్న ఉత్తరం వెళ్లాలి. విరాళం అడగకండి, సీజన్ మొత్తం టికెట్లు కొనమనీ అడగకండి. దానికి ఇంకా సమయం ఉంది. నిన్న చూసినదాని పేరు రాసి, వచ్చినందుకు సంతోషం చెప్పి, రాబోయే ఒకే ఒక్క ప్రదర్శనకు రమ్మనండి. అది కొంచెం వేరే రకంది కావాలి: నాటకానికి వచ్చినవాళ్లకు కచేరీ, పిల్లల డాన్సుకు వచ్చినవాళ్లకు తోలుబొమ్మలాట. చివర సంతకం పెట్టే మనిషి ఆ సాయంత్రం తలుపు దగ్గర నిలబడే మనిషే అయితే ఇంకా మంచిది. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు పేరు పెట్టి పలకరించగలుగుతారు.